తోడొచ్చిన వీరవేణి

వీరవేణి గురించి రాయాలంటే మా నర్సరీలో ఎవరైనా నాకంటే బాగా రాస్తారు. వాళ్ళకు ఆమె మీద కుళ్ళు లేదు. నాకుంది. ఆ సంగతి మొదటే చెప్పేస్తే తరవాత దాచుకునే శ్రమ తప్పుతుంది.

నా పేరు సూర్యకళ. కడియం దగ్గర జగన్నాథరావు గారి నర్సరీలో ఆఫీసు పని నాది. పుణె నుంచీ బెంగళూరు నుంచీ ఫోన్లో వచ్చే ఆర్డర్లు చూసి, ఏ లారీకి ఏ మొక్కలు ఎక్కించాలో చీటీలు రాసిస్తాను. ఫ్యాను కింద కూర్చుంటాను. వీరవేణి అదే నర్సరీలో మొక్కలు మోస్తుంది. నాకంటే ఐదేళ్ళు పెద్ద. అయినా ఆమె నన్ను మీరంటుంది, నేను ఆమెను నువ్వంటాను. ఇలా పిలవమని ఎవరూ చెప్పలేదు, ఇది తప్పని కూడా ఎవరూ అనలేదు.

ఆమె పుట్టింది పక్కనున్న పొట్టిలంకలో. ఏడో తరగతి వేసవి సెలవుల్లో వాళ్ళమ్మ వెంట నర్సరీ పనికి వచ్చింది. సెలవులు అయిపోయాయి గానీ వీరవేణి మాత్రం బడికి వెళ్ళలేదు. మొగుడు భీమరాజు లారీల్లో మొక్కలు సర్దుతాడు. కూతురు హారతి ఇంటర్ చదువుతోంది. ఇరవై ఆరేళ్ళుగా వీరవేణి పని ఒక్కటే. నెత్తిన చుట్టకుదురు, దాని మీద తట్ట, తట్టలో తడిమట్టి నల్లకవర్లతో పాతిక ముప్ఫై మొక్కలు, రెండు చేతుల్లో చెరో కుండీ. మడుల మధ్య గట్టు అడుగు వెడల్పుంటుంది. తట్ట పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎవరికీ ఉండదు కాబట్టి మెడే చూసుకోవాలి. ఇన్నేళ్ళలో ఆమె తట్ట పడిందని నేను వినలేదు.

ఇదంతా నాకు ముందునుంచీ తెలుసు. రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అయినా అందులో కుళ్ళుకోవడానికి ఏముందని ఎప్పుడూ అనిపించలేదు. తట్ట మోసేవాళ్ళను చూసి కుళ్ళుకునేవాళ్ళు ఎవరుంటారు?

నా సంగతి కొంచెం చెబితే గానీ ఆమె కథ మొదలవదు. రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం సాయంత్రం, మా ఆయన గణేష్‌బాబు, నేను రాజమండ్రి పుష్కరాల రేవుకు వెళ్ళాం. మెట్ల పైన కుర్రకారు స్పీకర్ పెట్టుకుని డాన్సు చేస్తున్నారు. అందులో ఒక అమ్మాయి చెయ్యి చాపి నిలబడింది. ముందు వేళ్ళు కదిలాయి, తరవాత మణికట్టు, తరవాత మోచెయ్యి, తరవాత భుజం. మిగతా ఒళ్ళు రాయిలా ఉంది. పాటలో దెబ్బ పడినప్పుడల్లా కండరం బిగుసుకుని టక్కున వదిలేది. దాన్ని పాపింగ్ అంటారట. ఎక్కడో అమెరికా వీధుల్లో పుట్టిన డాన్సట. ఎక్కడ పుడితే నాకేం, చూసిన క్షణం నుంచి నాకది కావాలి.

ఎనిమిదో తరగతిలో బడి వార్షికోత్సవంలో నేను డాన్సు చేశాను. మొదటి బహుమతి స్టీలు గిన్నె ఇచ్చారు. పెద్దమనిషినయ్యాక మా అమ్మ డాన్సు మాన్పించింది గానీ గిన్నె మాత్రం ఇప్పటికీ పోపు వేయడానికి వాడుతోంది.

సరే, నేర్పేవాళ్ళ కోసం వెతకడం మొదలుపెట్టాను. రాజమండ్రిలో కూచిపూడి నేర్పేవాళ్ళు వీధికొకరున్నారు. జుంబా ఉంది, పెళ్ళి సంగీత్‌కి స్టెప్పులు నేర్పేవాళ్ళున్నారు. పాపింగ్ అనగానే, "పాప వయసెంతండి?" అనేవారు. "పాప కాదండి, నేనే" అంటే "పిల్లలకే అండి" అని పెట్టేసేవారు. తణుకులో ఒకాయన ఉన్నాడని ఎవరో నంబరిచ్చారు. ఫోను వాళ్ళ నాన్న ఎత్తాడు. ఆ మాస్టారు సినిమాల్లో చేరతానని హైదరాబాదు వెళ్ళి ఏడాదైందట. "మీకు దొరికితే మాక్కూడా చెప్పండమ్మా" అన్నాడు పాపం.

మండపేటలో ఒకాయన మాత్రం "ఏ స్టయిలైనా చేస్తామండి, వచ్చేయండి" అన్నాడు. మా ఆయన బండి మీద తీసుకెళ్ళాడు. రైసుమిల్లు వెనకాల చిన్న డాబా. దండెం మీద తళుకుల లంగాలు ఆరేసి ఉన్నాయి. అది జాతరలకు వెళ్ళే రికార్డింగ్ డాన్సు ట్రూపని అప్పుడు అర్థమైంది. ఆయన నన్ను నిదానంగా చూసి, "ముందు వరసలో ఖాళీల్లేవండి. వెనక నిలబడతానంటే చూద్దాం" అన్నాడు. మా ఆయన బండి తిప్పాడు. ద్వారపూడి దాకా నోరు విప్పలేదు. అక్కడ టీ కొట్టు దగ్గర ఆపి, "వెనక వరసంటాడేంటే!" అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. ట్రూపులో చేరే ఉద్దేశం లేకపోయినా, ముందు వరసకు పనికిరానన్న మాట మాత్రం ఇల్లు చేరేదాకా గుచ్చుకుంటూనే ఉంది.

ఊళ్ళన్నీ వెతికాక, మాస్టారు మా ఆఫీసు గుమ్మంలోకే వచ్చాడు. మాకు విత్తనాల పార్సిళ్ళు తెచ్చే కొరియర్ కుర్రవాడు ఐజాక్. ఒకరోజు సంతకం పెట్టమని ఫోను చాపాడు. నేను వేలితో గీస్తున్నాను. అతని చెవిలో పాట మోగుతోంది. ఆ పాటకు అతని కుడి భుజం ఒక్కటే టక్కుమంది. నేను సంతకం ఆపేసి, "పాపింగా?" అన్నాను. అతను పార్సిల్ కింద పడేశాడు.

దానవాయిపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు మీద గదిలో, ప్రతి ఆదివారం నాలుగింటికి క్లాసు చెబుతున్నాడట. మా ఇంటికి పదిహేను కిలోమీటర్లుండదు. ఇంట్లో చెప్పాను. మా ఆయన ఊఁ అన్నాడు. మా అత్తగారు సంపూర్ణమ్మ గారు మాత్రం, "ఒక్కదానివే రాజమండ్రి వెళ్ళి గెంతుతావా? నలుగురూ ఏమనుకుంటారు? ఆ వీరవేణిని తోడు తీసుకెళ్ళు" అన్నారు. మా వైపు ఇదొక పద్ధతి. ఆడది ఒక్కతే వెళితే అది తిరుగుడు. పక్కన ఇంకో ఆడమనిషి ఉంటే అదే పని.

"నాకేం పనండి అక్కడ?" అంది వీరవేణి.

"ఏం లేదు, కూర్చోవడమే" అన్నాను.

"ఫ్యానుంటదా అండి?"

"ఉంటుంది."

"అయితే వత్తానండి" అంది. అలా నా చేతులారా నేనే తీసుకెళ్ళాను.

మొదటి రెండు వారాలు చెప్పుల పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద, నా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. క్లాసులో పదకొండు మందిమి. నేను తప్ప అందరూ కాలేజీ పిల్లలు. రోజూ వంటింట్లో తలుపేసుకుని సాధన చేసేదాన్ని. అద్దం ముందు మోచెయ్యి కదిపితే నడుం కదిలేది, నడుం ఆపితే తల ఊగేది.

మూడోవారం ఐజాక్ అందరి నెత్తినా ఒక్కో నోట్‌బుక్ పెట్టాడు. తల కదలకూడదు, ఛాతీ ఒక్కటే గుండ్రంగా తిరగాలి. ఒక్క ఒంటిలో ఒక భాగం ఆపి ఇంకొకటి కదపడం, మొత్తం పాపింగ్‌కి అదే పునాది అన్నాడు. ఒకటి, రెండు అనేసరికి నా పుస్తకం కిందుంది. మిగతావాళ్ళవీ ఒక్కొక్కటే పడ్డాయి. అప్పుడు చెప్పుల దగ్గర నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

"పుస్తకమే కదండీ" అంది వీరవేణి.

ఐజాక్‌కి కోపం రాలేదు. "మీరు రండక్కా, చూద్దాం" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. వెళ్ళమన్నట్టు తలూపాను. నవ్వులపాలవుతుందనుకున్నాను, నిజం చెప్పొద్దూ. ఆమె నా సంచి స్టూలు మీద పెట్టి, కొంగు నడుముకు దోపి వచ్చింది. ఐజాక్ ఒక పుస్తకం పెట్టాడు. ఇంకోటి పెట్టాడు. తరవాత ఆరు పుస్తకాలూ, వాటి మీద నీళ్ళసీసా పెట్టాడు. ఆమె గదంతా నడిచింది, వెనక్కి తిరిగింది, కింద కూర్చుని లేచింది. ఛాతీ తిప్పమంటే, గట్టు మీద ఎదురొచ్చిన మనిషికి దారిచ్చినట్టు ఛాతీ ఒక్కటే అటు జరిపి ఇటు తెచ్చింది. సీసాలో నీళ్ళు కూడా ఊగలేదు.

పిల్లలందరూ ఫోన్లు బయటికి తీశారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ వీడియో క్లాసు గ్రూపులో పెట్టారు. వీరవేణిది నొక్కుడు ఫోను, గ్రూపులో లేదు. ఆమె చూపించమని అడగలేదు, నేను చూపించలేదు.

తరవాతి వారం నుంచి ఐజాక్ ఆమెను స్టూలు మీద కూర్చోనివ్వలేదు. పాపం, నిజాయితీగా చెప్పాలంటే ఆమెకూ అన్నీ ఒక్కసారిగా రాలేదు. కండరం బిగించి వదలడం నేర్చుకోవడానికి నెల పట్టింది. పాటలో లెక్క తప్పేది. అయినా మెడ దగ్గరా నడక దగ్గరా ఆమె ముందు ఎవరూ నిలవలేదు. ఐజాక్ నన్ను కొరియర్ రోజుల నుంచీ మేడమ్ అంటాడు. ఆమెను మాత్రం రెండో వారానికే వేణక్క అన్నాడు. ఒకరోజు, "మేడమ్, కొంచెం వెనక్కి జరగండి, వేణక్క కనబడట్లేదు" అన్నాడు. మండపేటలో తప్పించుకున్న వెనక వరస దానవాయిపేటలో దొరికింది. ఏకు మేకవడమంటే ఏమిటో అప్పటిదాకా సామెతగానే తెలుసు.

ఆటో ఎక్కగానే మాత్రం ఆమె మళ్ళీ మామూలే. నా సంచి తన ఒళ్ళో పెట్టుకుని, "మీకు కూడా వచ్చేత్తదండి, తొందరేంటి" అనేది. ఆ ఓదార్పు వింటే ఇంకా మండేది. వెతికింది నేను. ఊరూరా ఫోన్లు చేసి పరువు పోగొట్టుకున్నది నేను. ఆమెకు ఈ డాన్సు పేరు కూడా తెలియదు. ఎదుటివాళ్ళ బాగు చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ చిరాకు. ఆ నిప్పులు ఎంత వేడిగా ఉంటాయో మాత్రం అంతవరకూ తెలియదు.

మాఘమాసంలో కాకినాడలో వీధి డాన్సుల పోటీ ఉందన్నారు. ఐదుగురి జట్టు వెళ్ళాలి. "నలుగురు ఖాయం. ఐదో చోటు మీ ఇద్దరిలో ఒకరికి. వచ్చే ఆదివారం ఇద్దరి చేతా చేయించి చూస్తాను" అన్నాడు ఐజాక్. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. స్టేజి ఎక్కి ఇరవై ఏళ్ళైంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని నాకు తెలుసు.

శనివారం మధ్యాహ్నం ఫోనుకు ఐజాక్ మెసేజ్ వచ్చింది. "రేపు సాయంత్రం గది ఖాళీ లేదు మేడమ్. పొద్దున్న పది గంటలకు పెట్టుకుందాం. వేణక్కకి చెప్పండి."

కిటికీలోంచి చూస్తే ఆమె మందార మొక్కల మడి దగ్గర వంగి ఉంది. పిలిస్తే వినిపించేంత దూరం. నేను పిలవలేదు. సాయంత్రం పని దిగి వెళుతూ ఆమే ఆఫీసు గుమ్మం దగ్గర ఆగింది.

"రేపు నాలుగింటికే కదండీ?"

"నాలుగింటికే" అన్నాను. నోరు తడబడలేదు. పైగా, "పొద్దున్న నాకు మా చెల్లెలి ఇంట్లో పనుంది. నువ్వు సాయంత్రం ఆటోలో వచ్చేయ్, నేను అక్కడికే వస్తాను" అని కూడా చేర్చాను. అబద్ధానికి అంత ముస్తాబు చేయగలనని అప్పుడే తెలిసింది.

ఆదివారం పొద్దున్న ఒక్కదాన్నే వెళ్ళాను. వీరవేణి వేమగిరి సెంటర్లో కలుస్తుందని అత్తగారికి చెప్పాను. ఐజాక్ మెట్ల వైపు చూస్తూ, "వేణక్క ఏరండి?" అన్నాడు. "ఇంట్లో ఏదో పనుందట, రానంది" అన్నాను. అతని మొహం చిన్నబోయింది. పోటీ లేని పోటీలో నేను గెలిచాను. ఐదో చోటు నాదే.

ఆ సాయంత్రం నాలుగింటికి ఇంట్లో కందిపప్పు బాగుచేస్తూ కూర్చున్నాను. కళ్ళు మాటిమాటికీ గోడగడియారం మీదకే పోతున్నాయి. నాలుగూ ఐదు. ఈపాటికి మెట్లెక్కుతూ ఉంటుంది. నాలుగూ పది. ఈపాటికి తాళం చూసి ఉంటుంది. రాళ్ళన్నీ పప్పులో వేసి, పప్పు చాటలోంచి పారేశాను.

సోమవారం పొద్దున్నే చీటీ తీసుకోవడానికి వచ్చింది. నేను తేలు కుట్టిన దొంగలా కంప్యూటర్లోకి తల దూర్చాను.

"తాళం వేసుందండి నిన్న" అంది. "కింద సెల్లు షాపాయన పొద్దున్నే అయిపోయిందన్నాడు."

"మెసేజ్ నేను ఆలస్యంగా చూశాను వేణీ. నీకు చెబుదామంటే..."

"అలాగాండీ" అంది. చీటీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాటే. తిట్టినా బాగుండేదనిపించింది. ఆ తరవాత, "ఆదివారాలు లోడింగ్ ఉంటందండి" అని క్లాసుకు రావడం మానేసింది. నాకు తోడు అవసరం లేదని అత్తగారికి నేనే నచ్చజెప్పుకున్నాను.

అసలు దెబ్బ తరవాతి ఆదివారం తగిలింది. ఐజాక్ పోటీ కోసం తయారుచేసిన డాన్సు మొదలెలా ఉంటుందంటే, ఐదో మనిషి జనం వెనకాల నుంచి, కుర్చీల మధ్య దారిలో, నెత్తిన మొక్కల తట్టతో ఒక్కతే నడిచి వస్తుంది. చేత్తో పట్టుకోకూడదు. మూడు మెట్లెక్కి స్టేజి మీద నిలబడుతుంది. అప్పుడు పాట మొదలవుతుంది. తట్ట కదలకుండా కిందున్న ఒళ్ళంతా ముక్కలు ముక్కలుగా కదలాలి. ఎవరిని చూసి అల్లాడో అడగక్కర్లేదు. కుట్టిన జాకెట్టు ఒకరి కొలతది, తొడుక్కోవాల్సింది నేను.

నాలుగు అడుగులు వేశాను, తట్ట కింద పడింది. మళ్ళీ వేశాను, మళ్ళీ పడింది. "వేణక్క అయితే..." అని ఐజాక్ అనబోయి ఆగిపోయాడు. పిల్లలు చూపులు తిప్పుకున్నారు. పోటీకి రెండు వారాలే ఉంది. మోకాళ్ళ మీద ప్లాస్టిక్ మొక్కలు ఏరుకుంటూ ఉంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అంతకంటే ఎక్కువగా ఆమె మీద కోపం వచ్చింది. ఆ గదిలో లేకపోయినా నన్ను ఓడిస్తోంది కదా!

మూడు రోజులు మింగలేక కక్కలేక తిరిగి, గురువారం భోజనాల వేళ, మొక్కలకు ఎండ తగలకుండా కట్టిన పచ్చవల నీడలోకి వెళ్ళాను. ఆమె కేరేజీ కడుక్కుంటోంది.

"వేణీ, నాకు ఆ నడక రావట్లేదు. నేర్పుతావా?"

ఆమె తల పైకెత్తి చూసింది. చేతులు తుడుచుకుని, ఒక తట్ట తెచ్చి, నీళ్ళు పోసిన గులాబి మొక్కల కవర్లు వరసగా పేర్చడం మొదలుపెట్టింది.

"అంత బరువెందుకు? అక్కడ ఉత్త ప్లాస్టిక్ మొక్కలే" అన్నాను.

"అందుకే పడతన్నాయండి. ఖాళీ తట్ట ఊగుద్ది. బరువుంటేనే మెడ కుదురుగా కూచుంటది. మాస్టారికి చెప్పి మట్టితోనే పెట్టించుకోండి" అంది. తన తల మీద చుట్టకుదురు తీసి నా తల మీద పెట్టి సర్దింది. చెమట వాసన, మట్టి వాసన. తట్ట ఎత్తింది. మెడ వెన్నులోకి దిగిపోతుందనిపించింది.

"కింద చూడకండి. గట్టు ఎక్కడికీ పోదు, పాదం చూసుకుంటది. ఊపిరి బిగబట్టకండి. పక్కవాళ్ళ తట్ట వైపు అసలు చూడకండి. చూశారంటే మీది పడిపోద్ది."

మామూలుగానే అంది. కొత్తగా తట్ట ఎత్తేవాళ్ళందరికీ అలాగే చెబుతారట. అయినా నా చెవులు కాలిపోయాయి. రెండు కవర్లు జారి కింద పడ్డాయి.

"వేణీ, మెసేజ్ నాకు శనివారమే వచ్చింది" అనేశాను.

"తెలుసండి" అంది, కవర్లు తీసి మళ్ళీ తట్టలో పెడుతూ.

"నీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాదండి? ఆ సాయంత్రం రాజమండ్రి నుంచి తిన్నగా మీ వీధి చివరిదాకా వచ్చాను, నాలుగూ దులిపేద్దారని. అక్కడ నిలబడ్డాక గుర్తొచ్చింది, సోమవారం మళ్ళీ మీ చేతి చీటీ తీసుకోవాలి కదా అని. తిరిగెళ్ళిపోయాను."

ఇన్నాళ్ళూ ఆమెను చూసి కుళ్ళుకోవడానికి వంద కారణాలు వెతుక్కున్నాను గానీ, నన్ను తిట్టడానికి కూడా ఆమెకు వీలు లేదన్న సంగతి ఒక్కసారి కూడా తోచలేదు.

"మరి ఇప్పుడెందుకు నేర్పుతున్నావ్?"

"అది నా నడకండి. వెయ్యిమంది ముందు పడిపోతే నాకు నామోషీ" అంది. "ఊఁ, నడవండి. భోజనం టైమైపోతంది."

ఐజాక్‌కి జరిగింది చెప్పేస్తానని, ఐదో చోటు ఆమెకే ఇప్పిస్తానని ఆ క్షణంలో చెప్పి ఉంటే ఈ కథలో నేను మంచిదాన్నయ్యేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చింది. కాకినాడ స్టేజి కళ్ళముందు మెదిలింది. నోరు మూసుకుని నడిచాను. ఎనిమిది రోజులు, రోజూ అరగంట, ఆమె వెనకాల నేను. చివరిరోజు చుట్టకుదురు నా చేతికిచ్చి, "ఇది పాతదండి, జారదు. తీసుకెళ్ళండి" అంది.

కాకినాడలో నా తట్ట పడలేదు. రెండో బహుమతి వచ్చింది. చప్పట్లు హాలు దద్దరిల్లేలా వినిపించాయి. నేను ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన చప్పుడది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అంత సంతోషం ఎందుకు కలగడం లేదా అని ఆలోచించాను.

సోమవారం భోజనాల దగ్గర ఆడవాళ్ళందరూ నా ఫోను చుట్టూ మూగారు. వీడియో ఎవరో వెనక కుర్చీల్లోంచి తీశారు. మొదటి అరనిమిషం నడిచేవాళ్ళ వీపే కనిపిస్తుంది. నేత చీర, దోపిన కొంగు, నెత్తిన తట్ట. మా నర్సరీలో అందరికంటే పెద్దది పాపాయి. వీరవేణి తల్లితో పాటు పనిచేసిన మనిషి. కళ్ళు చికిలించి చూసి ఒక్కసారిగా అరిచింది.

"ఓసినీ! వీరవేణీ, నువ్వెప్పుడెల్లావే కాకినాడ?"

ఫోన్లో తట్ట మనిషి మెట్లెక్కి ఇటు తిరిగింది. నా మొహం కనిపించింది.

"అయ్యో, మీరాండీ! నడక చూసి దాననుకున్నానండి" అని పాపాయి నాలుక్కరుచుకుంది. అందరూ నవ్వారు. ఏడవలేక నేనూ నవ్వాను. ఆమెను స్టేజికి రానివ్వకుండా ఆపాననుకున్నాను. నా మెడ మీద ఎక్కించుకుని నేనే తీసుకెళ్ళానని, చదువురాని ముసలామె అరనిమిషంలో కనిపెట్టేసింది.

వీరవేణి నవ్వలేదు. చెయ్యి చీరకు తుడుచుకుని ముందుకు వచ్చింది. "మళ్ళీ మొదట్నించి పెట్టండి" అంది. పెట్టాను. మెట్ల దాకా చూసి, "మళ్ళీ" అంది. ఇటు తిరిగాక వచ్చే డాన్సు ఆమెకు అక్కర్లేదు. నాలుగుసార్లు పెట్టాను, నాలుగుసార్లూ వీపే చూసింది.

"నేనిలా నడుత్తానా అండి?" అంది చివరికి, మెల్లగా.

ఇరవై ఆరేళ్ళ నడక, ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. చూసుకోవడానికి వీలున్న మొదటి వీడియో నాలుగు నెలలుగా నా ఫోన్లోనే ఉంది. "ఇలాగే నడుస్తావు" అన్నాను. ఆ వీడియో కూడా తీసి ఆమె చేతిలో పెట్టాను. నెత్తిన ఆరు పుస్తకాలూ నీళ్ళసీసా పెట్టుకుని తిరుగుతున్న తనను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చుట్టకుదురు తిరిగి ఇచ్చేశాను. దాన్ని నెత్తిన సర్దుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఈ ఆదివారం క్లాసు ఎన్నింటికండి?"

"నాలుగింటికి" అన్నాను. నిజంగానే నాలుగింటికే.

ఆమె కదల్లేదు. అందరూ చూస్తుండగానే చెయ్యి చాపింది.

"ఏదండి, మెసేజ్ చూపించండి."

ఫోను ఇచ్చాను. ఏడో తరగతి చదువు. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివింది. నాలుగు దగ్గర వేలు కాసేపు ఆగింది. ఫోను తిరిగి ఇచ్చి, తట్ట ఎత్తుకుని, మడుల మధ్య గట్టు మీద నడిచి వెళ్ళిపోయింది. నేను కిటికీ దగ్గర నిలబడి వెనక నుంచి చూశాను. పాపాయి కళ్ళు మసకేసి పొరబడింది గానీ, నాకా నడక ఇంకా అంతగా రాలేదు.